సంచుల మామ ఎంచిన లాకర్లు

తిరుత్తణిలో మేము కొందరం కలిసి నడిపే చిన్న బడికి ఇనుప లాకర్లు కావలసి వచ్చి, పోయిన వారం బజారుకు వెళ్ళాను. అంగడాయన రేకు మందం గురించీ, రంగు గురించీ చెబుతున్నాడు. నేను వింటూనే భుజాన ఉన్న సంచి తీసి ఒక అరలో పెట్టాను. తలుపు మూశాను, తెరిచాను, తలుపు అంచు లోపలివైపు చూపుడువేలితో పైనుంచి కిందికి మెల్లగా నిమిరాను. అంగడాయన మాట ఆపి, మీరూ లాకర్ల వ్యాపారమేనా సార్ అని తమిళంలో అడిగాడు. కాదన్నాను. ఆ వేలు నాదే గానీ ఆ పని నాది కాదు. మామది. ఆయన పోయి ఎనిమిది నెలలైంది. రేకు అంచు గరుకుగా ఉంటే ముసలివాళ్ళ చేతులు కోసుకుంటాయని నాకు నేర్పినవాడు ఆయన.

తిరువళ్ళూరులో పెరుమాళ్ళ గుడికి, అంటే విష్ణ్వాలయానికి, కూతవేటు దూరంలో మా తెలుగువాళ్ళ భజన మందిరం ఉంది. ప్రతి అమావాస్యకూ చుట్టుపక్కల పల్లెల నుంచి మనవాళ్ళు వస్తారు. సంచులు మందిరంలో దించి, స్నానం చేసి, పితరులకు తర్పణాలు వదిలి, స్వామిని సేవించుకొని మళ్ళీ మందిరానికి వస్తారు. పది గంటలకు ఉపన్యాసం, తరువాత ప్రసాదం. ఆ ఉపన్యాసం చెప్పే భాగ్యం చాలా ఏళ్ళుగా నాకు దక్కింది. నేను లోపల చెబుతుంటే మామ బయట వసారాలో సంచులకు కాపలా కూర్చునేవాడు. ఊరు పాండూరు. సేద్యం ఆయన బతుకు. నెలలో ఒక్కరోజు మాత్రం ఆయన మనవాడు, మందిరం మనిషి. మందిరానికి వచ్చే మా గోష్ఠిలో చిన్నాపెద్దా అందరికీ మామే.

మా ప్రాంతంలో పెళ్ళికి వెళ్ళినవాళ్ళకు పసుపుపచ్చ గుడ్డసంచిలో కొబ్బరికాయ, తాంబూలం పెట్టి పంపుతారు. మంజపై అంటాం. అమావాస్యనాడు దాదాపు అందరి చేతిలోనూ అదే సంచి. మీద అచ్చువేసిన పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు పేర్లు తప్ప తేడా ఉండదు, అవి కూడా నాలుగు ఉతుకులకు వెలిసిపోతాయి. మామ దగ్గర టోకెన్లు లేవు, చీటీలు లేవు. సంచి అందుకుంటూ ఏ ఊరని అడిగేవాడు. ఆరంబాక్కం వాళ్ళవి గోడవారగా, ఆర్.కె.పేట వాళ్ళవి స్తంభం పక్కన, చాపమీద ఊళ్ళు ఊళ్ళుగా సర్దేవాడు. మనిషి తిరిగి వచ్చి నోరు తెరవకముందే ఆ సంచి ఆయన చేతిలో ఉండేది. టోకెన్లు పెడదామని ఒకసారి నేనంటే ఒప్పుకోలేదు.

"టోకెన్ ఇస్తే దాన్నే చూస్తాం సామీ. మనిషి మొగం యాడ చూస్తాం?"

తెల్లవారి నుంచి మధ్యాహ్నం దాకా కాఫీ ముట్టేవాడు కాదు. తాగితే లేవాల్సి వస్తుందని. ఎవరి సంచీ నేలమీద పెట్టనిచ్చేవాడు కాదు. తర్పణానికి తెచ్చిన నువ్వులు, దర్భలు ఉన్న సంచిని ముట్టుకునే ముందు చేయి కడుక్కునేవాడు. ఇన్నేళ్ళలో ఒక్క ఉపన్యాసానికీ లోపలికి రాలేదు. నాకది కొంచెం మనసులో గుచ్చుకునేది. శాస్త్రం వినని భక్తి సగం భక్తి అని నా గురువుల దగ్గర నేర్చుకున్నవాణ్ణి. ఒకరోజు అడిగేశాను, ఒక్కసారైనా వచ్చి కూర్చోకూడదా అని.

ఆయన నవ్వి, తాను లోపలికి వస్తే నా ఎదుట కూర్చున్నవాళ్ళ మనసంతా బయటి సంచుల మీదికి పోతుందన్నాడు. తాను బయట ఉంటేనే నా మాట వాళ్ళకు ఎక్కుతుందట. తప్పించుకోవడానికి చెప్పిన మాట అనుకున్నాను అప్పట్లో.

నాలుగేళ్ళ కిందటి ఒక అమావాస్యనాడు మామ ఒక సంచి మార్చి ఇచ్చాడు. ఆరంబాక్కం నుంచి వచ్చిన ఒకామె సంచిలో ఆమె భర్తకు తీసిన స్కాను కాగితాలు ఉన్నాయి. మర్నాడు పొద్దున మద్రాసులో డాక్టరుకు చూపించాలి. ఆ సంచి ఆర్.కె.పేట పెద్దాయన ఒకరి చేతికి పోయింది. ఆమె చేతికి వచ్చిన దాంట్లో ఒక పంచె, సగం తిన్న పులిహోర పొట్లం ఉన్నాయి. ఆమె ఆ పొట్లం ఒళ్ళో పెట్టుకొని వసారాలో అట్లాగే కూర్చుంది. మామ ఆమె ముందు నిలబడి రెండు చేతులూ జోడించాడు. వెంటనే బస్సెక్కి ఆర్.కె.పేటకు పోయాడు. మనిషి పేరు తెలియదు. ఊరు మాత్రం తెలుసు, మొహం తెలుసు. వీధి వీధీ తిరిగి పట్టుకునేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. కాగితాలు దొరికాయి గానీ డాక్టరు దగ్గర ఆ రోజు తప్పిపోయింది, మళ్ళీ చూపించడానికి రెండు వారాలు ఆగవలసి వచ్చింది. ఆ రెండు వారాలూ మామ పాండూరులో సరిగా అన్నం తినలేదని తరువాత ఆయన కూతురు చెప్పింది. ఆరంబాక్కం ఆమె భర్తకు ఏమీ కాలేదు, దైవకృప.

ఆ తరువాత ఒకరోజు మామ రైలెక్కి తిరుత్తణికి మా ఇంటికి వచ్చాడు. మంచినీళ్ళు తాగి, మా ఆవిడ లోపలికి వెళ్ళేదాకా ఆగి, చెప్పాడు.

"మొగం తెలస్తాది సామీ. ఊరు తెలస్తాది. రెండూ ఒకదానికొకటి అతకడంల్యా. ఇది ఒక్కసారి కాదు, శానా దినాలుగా నడస్తాండాది. ఇంగొకరికి అన్నేయం జరిగే లోపల ఇనప బీరోలు కొనేద్దాం. తలా ఒక అర, తలా ఒక సావి."

తాళంచెవులు ఎందుకు, మీ బదులు ఇంకొకరిని కూర్చోబెడదాం అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. తాను పక్కనే కూర్చొని చెబుతూనే ఉంటాడట, పెద్దవాడని వాళ్ళు వింటారట, అప్పుడు తప్పు ఇంకా పెద్దదవుతుందట. తన మతిమరుపు సంగతి గోష్ఠిలో ఎవరికీ తెలియకూడదని మాట తీసుకున్నాడు. ఆయనకున్న కైంకర్యం అదొక్కటే. దాన్ని తన చేత్తో తానే తీసి పక్కన పెడుతున్నాడని నాకు తెలుసు. పదిమందికి చెప్పే నోరు ఒక్క మనిషి ముందు పనికిరాలేదు.

మందిరం పనులు చూసేది నేనే గనుక, లాకర్ల మాట నేనే ఎత్తాను. గోష్ఠిలో అందరూ నా మీద విరుచుకుపడ్డారు. మామను ఆ చోటు నుంచి తప్పించడానికి నేను పన్నిన ఉపాయం అన్నారు. మా సంప్రదాయంలో భరన్యాసం అనే మాట ఉంది. మోయలేని మన బరువును స్వామి పాదాల దగ్గర దించి, ఇక దాన్ని గురించి బెంగపెట్టుకోకపోవడం. నేను దాని మీద ఎన్నో అమావాస్యలు మాట్లాడినవాణ్ణి. గోష్ఠిలో ఒక పెద్దాయన దాన్నే నా మీదికి తిప్పాడు.

"మనకంతా భరన్యాసం చెప్తాడు. ఆయన మాత్రం పెరుమాళ్ళ మింద నమ్మకం చాలక బీగాలు కొంటాండాడు."

అందరూ నవ్వారు. నేను మామకు మాట ఇచ్చి ఉన్నాను. మామ గోడకు ఆనుకొని కూర్చున్నాడు. నవ్వు తగ్గాక, తన కాళ్ళు లాగుతున్నాయనీ, తానే అడిగాననీ చెప్పి మాట ముగించాడు.

కొనే పని ఇద్దరం పెట్టుకున్నాం. నేను కాగితం మీద కొలతలు రాసుకొని వెళ్ళాను. మామ మూడు మంజపైలు నింపుకొని వచ్చాడు. ఒకదాంట్లో మూడు గిన్నెల క్యారియరు, నీళ్ళ సీసా. ఇంకోదాంట్లో కొబ్బరికాయ, చుట్టిన చాప. మూడోదాంట్లో తడిపి సగం పిండిన పంచె. తిరువళ్ళూరులో మొదటి అంగడిలో అడుగుపెట్టగానే, తాత ఏ ఊరికి ప్రయాణం అని అక్కడి పనివాడు తమిళంలో ఎగతాళి చేశాడు. మామ పట్టించుకోలేదు. క్యారియరు సంచి అరలో పెట్టబోయాడు. పట్టలేదు. అర పెద్దదే, తలుపు సందు చిన్నది. పక్కకు వంచితే పడుతుందన్నాడు అంగడాయన. వంచితే ఒకరి సాంబారు ఇంకొకరి అరలోకి కారుతుందన్నాడు మామ.

నా తెలివి కూడా ఆ రోజే బయటపడింది. ఇరవై గేజు రేకు కంటే ఇరవైరెండు గేజు మందంగా ఉంటుందనుకొని, ఇరవైరెండే కావాలని గట్టిగా పట్టుబట్టాను. ఆ లెక్క తలకిందులుగా ఉంటుందని, అంకె తగ్గేకొద్దీ రేకు మందమని అంగడాయన ఓపికగా చెప్పాడు. బయటికి వచ్చాక మామ, ఉపన్యాసాల్లో ఇట్లాంటివి రావు కదా సామీ అన్నాడు, ఎటో చూస్తూ.

రెండో అంగడిలో తడి పంచె సంచిని అరలో పెట్టి తలుపు మూసి, అరగంట కూర్చుంటామని అడిగాడు. నేను సిగ్గుతో గోడకున్న క్యాలెండరు చదువుతూ కూర్చున్నాను. అరగంట తరువాత తెరిస్తే అర అడుగున నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఈ నీళ్ళు ఎక్కడికి పోవాలని అడిగాడు. ఇవి ఆఫీసులకు చేసినవి, ఆఫీసుల్లో ఎవరూ తడి పంచెలు పెట్టరు అన్నాడు అంగడాయన. అందులో తప్పేమీ లేదు. మా మందిరానికి వచ్చేవాళ్ళందరూ స్నానం చేసి వచ్చేవాళ్ళే, అంతే.

చివరికి తిరుత్తణి వెళ్ళే దారిలో ఒక వెల్డింగు షెడ్డు దొరికింది. ఆ మనిషి నేతవాళ్ళ ఇంట పుట్టినవాడు, తెలుగువాడు. తండ్రి మగ్గం నేస్తే ఈయన ఇనుము అతుకుతున్నాడు. మామ చెప్పిందంతా నేలమీద సుద్దముక్కతో గీసుకుంటూ విన్నాడు. అర అడుగు కొంచెం వాలుగా ఉండాలి, వెనక రెండు బెజ్జాలు ఉండాలి. కింద చీపురు దూరేటంత ఎత్తు కాళ్ళు ఉండాలి. తలుపు అంచు రెండుసార్లు మడవాలి. అన్నిటికీ సరేనన్నాడు. అప్పుడు మామ అసలు సంగతి అడిగాడు. "నీళ్ళల్లో మునిగేటోడు సావి యాడ పెట్టుకోవాల? వాని ఒంటి మింద ఒక పంచె ఉంటాది, అంతే."

వెల్డింగు చేసే ఆయనా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఏ అంగడిలోనూ మాకు ఆ ఆలోచనే రాలేదు. మామ జేబులోంచి ఒక పెద్ద గాజు తీసి బల్లమీద పెట్టాడు. ముసలామె చేతికున్న గాజులు దాటి ఎక్కాలి, నీళ్ళలో జారకూడదు, ఆ కొలతకు తాడు కావాలన్నాడు. ఆ షెడ్డాయన ఇంట్లో మగ్గం మీద నేసిన నాడా ఉంది. తాళంచెవికి ఒక్కొక్కటి చొప్పున ఆయన తల్లే కుట్టి ఇచ్చింది.

ఆరేసి అరలవి నాలుగు బీరువాలు. మొత్తం ఇరవై నాలుగు తలుపులు. ఆ అంకె వినగానే నా ఒళ్ళు పులకరించింది. ఆచమనంలో చెప్పే కేశవనామాలు ఇరవై నాలుగు. తలుపులకు అంకెలు ఎందుకు, స్వామి నామాలే వేయిద్దాం, నామమే కాపలా ఉంటుంది అన్నాను. గోష్ఠి మొత్తం ఒప్పుకుంది. నన్ను ఎగతాళి చేసిన పెద్దాయనకు కూడా కళ్ళు చెమర్చాయి. మామ ఒక్కడే, ఒకటి రెండు అని వేస్తే చాలదా అన్నాడు. నేను వినలేదు. పైన తెలుగులో, పిల్లలకు తెలుగు చదవడం రాదని కింద తమిళంలో, ఎర్రని అక్షరాలు కాగితాల మీద అచ్చువేయించి తలుపులకు అంటించాం. కేశవ, నారాయణ, మాధవ అని వరుసగా చూస్తుంటే అవి లాకర్లలాగా లేవు, సన్నిధిలాగా ఉన్నాయి.

అదే నేను చేసిన తప్పు. ఆ అమావాస్యనాడు వచ్చినవాళ్ళు లాకర్లను చూసి కళ్ళకద్దుకున్నారు. గాలి కోసం తలుపులకు పెట్టిన చీలికల్లో పూలు దోపారు. ఒకామె పద్మనాభుడి ముందు కర్పూరం వెలిగించింది. కానీ ఒక్కరు కూడా సంచి లోపల పెట్టలేదు. విప్పిన బట్టలు, తోలు పర్సులు, నడుము బెల్టులు ఆ నామం వెనక ఎట్లా పెడతామన్నారు. అందరూ ఎప్పటిలాగే మామ దగ్గరికి వచ్చి ఆయన కాళ్ళ దగ్గర సంచులు దించారు. అలవాటు. నమ్మకం. ఆయన వద్దనలేకపోయాడు.

నేను లోపల ఉపన్యాసం మొదలుపెట్టి కొంతసేపే అయింది. మామ హాలు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఎన్నడూ లేనిది. నేను మాట ఆపి బయటికి వెళ్ళాను. చాపమీద పసుపుపచ్చ సంచులు కుప్పగా ఉన్నాయి, ఊళ్ళు లేవు, వరుస లేదు.

"యాది ఎవురిదో నాకు తెలీడంల్యా సామీ."

ఆయన పక్కన చాపమీద కూర్చున్నాను. వచ్చినవాళ్ళను ఒక్కొక్కరినీ సంచి విప్పి, ఇది నాదేనని తామే చూసుకొని తీసుకోమన్నాను. ఎవరి సంచీ మారలేదు. కానీ ఇంతకాలం మామ మొహం చూసి చేయి చాపినవాళ్ళు, ఆ రోజు సంచుల్లోకి తొంగిచూస్తుంటే ఆయన తల వంచుకొని కూర్చున్నాడు. అప్పటికి అందరికీ తెలిసిపోయింది. నేను దాచిన మాటను నా భక్తే బయటపెట్టింది.

మధ్యాహ్నం జనం పోయాక మామ వంటశాలలోంచి గోరువెచ్చని నీళ్ళు, గుడ్డ, ఇత్తడి పళ్ళెం తెచ్చాడు. నామాలు తీయాలన్నాడు. భగవన్నామాన్ని ఊడదీయడం అపచారమని నేను చదివిన చదువంతా అడ్డం నిలబడింది. ఆ మాటే చెప్పాను.

"తప్పయితే నన్నడగనీ పెరుమాళ్ళు. సదవనోడు తెలీక చేసినాడని నువ్వే చెప్దువు. సంచులు ఈడుండనీ, ఆయన్ని లోపల కూర్చోబెడదాం."

తెలియక చేసే మనిషి కాదు ఆయన. నాకది తెలుసు, నాకు తెలుసునని ఆయనకూ తెలుసు. ఒక్కొక్క నామాన్నీ తడి గుడ్డతో నానబెట్టి, చిన్నబిడ్డ ఒంటి మీది పొక్కు ఊడదీసినట్టు, ఒక్క అక్షరం చిరగకుండా తీశాడు. తీసినదాన్ని పళ్ళెంలో పెట్టాడు. నేను ఆ పళ్ళెం పట్టుకొని వెనకే నడిచాను. ఆ రోజు నేను చేసిన సేవ అదొక్కటే. సాయంత్రానికి ఇరవై నాలుగు నామాలూ ఉపన్యాసం జరిగే హాలులో గోడ చుట్టూ చేరాయి. తలుపులకు ఒకటి నుంచి ఇరవై నాలుగు దాకా అంకెలు పడ్డాయి.

తరువాతి అమావాస్యకు లాకర్లు నిండిపోయాయి. మిగిలినవాళ్ళు ఇద్దరిద్దరు కలిసి ఒక అర పంచుకున్నారు. మామకు పని లేదు. వాకిట్లో కాసేపు తిరిగి, లోపలికి వచ్చి, ముందు వరుసలో కూర్చున్నాడు. ఇన్నేళ్ళ తరువాత ఆయన నా ఎదుట కూర్చున్నాడని నేను మంచి మంచి శాస్త్ర ప్రమాణాలు వెతికి చెప్పాను. అయిపోయాక ఎట్లా ఉందని అడగకుండా ఉండలేకపోయాను.

"బయట కూర్చుంటేనే బాగా యినపడతాండె సామీ. ఈడ కూర్చుంటే నీ మొగం చూస్తా ఉండిపోతా."

ఇంతకాలం గోడ అవతలి నుంచి ఆయన ప్రతి మాటా విన్నాడన్న సంగతి నాకు అప్పుడు తెలిసింది. ఏ అమావాస్యకు ఏమి చెప్పానో, ఒకే కథను రెండుసార్లు రెండు రకాలుగా ఎప్పుడు చెప్పానో కూడా చెప్పాడు. సంచులు మరిచిపోయిన మనిషికి అవి గుర్తున్నాయి.

అవి కూడా ఎక్కువకాలం నిలవలేదు. రెండేళ్ళలో ఊళ్ళు పోయాయి, మొహాలు పోయాయి. కూతురు చేయి పట్టుకొని అమావాస్యకు తీసుకొచ్చేది. ముందు నా పేరు పోయింది. తరువాత నేనెవరో పోయింది.

చివరిసారి వచ్చినప్పుడు నేను లోపలికి పోవడానికి సిద్ధంగా ఉన్నాను. జనం కూర్చున్నారు, మైకు పెట్టారు. మామ వసారాలో ఆగిపోయాడు. చంకలో ఒక మంజపై ఉంది. దాన్ని గట్టిగా పట్టుకొని, తాను ఎంచి చేయించిన లాకర్లను కొత్తగా చూస్తున్నాడు. తరువాత నన్ను చూశాడు.

"అయ్యా, ఈడ సంచి పెడితే బద్రంగా ఉంటాదా?"

ఉంటుందన్నాను.

"నువ్వు యాడికీ పోవు గదా?"

పోనన్నాను. తలుపు తెరిచి సంచి లోపల పెట్టి, తాళం వేసి, నాడాను ఆయన మణికట్టుకు తొడిగాను. ఆయన దాన్ని ఒకసారి లాగి చూసుకొని, కూతురితో కలిసి స్వామి సేవకు వెళ్ళాడు. నేను లోపలికి ఒక మనిషిని పంపి, ఇవాళ నేను చెప్పడం లేదు, గోష్ఠిలో పెద్దాయనను చెప్పమనండి అన్నాను. చాపమీద కూర్చున్నాను. మధ్యలో ఎవరో కాఫీ తెచ్చారు. వద్దన్నాను.

రెండు గంటల తరువాత వచ్చాడు. అర తెరిచి సంచి చేతికిచ్చాను. అక్కడే కూర్చొని లోపల ఉన్నవి ఒక్కొక్కటీ బయటికి తీశాడు. పొడి పంచె, తువ్వాలు, మూత బిగించిన గిన్నె, మందుల డబ్బా. అన్నీ చూసుకొని మళ్ళీ అదే వరుసలో సర్దుకున్నాడు. లేచి నా భుజం మీద చేయి వేశాడు.

"మంచి పని చేస్తాండావు నాయనా. ఇడిసిపెట్టబాకు."

అట్లాగే మామా అన్నాను. మామ అన్న పిలుపుకు ఆయన కొంచెం ఆగి నా మొహంలోకి చూశాడు. కూతురు చేయి పట్టుకొని మెట్లు దిగి వీధి మలుపు తిరిగాడు. ఇంకా పదకొండు అరలకు తాళాలు వేసి ఉన్నాయి. ఆ పదకొండు అరలవాళ్ళూ వచ్చేదాకా నేను అక్కడి నుంచి లేవలేదు.